యుద్ధం నడుస్తున్న రోజుల్లో మన ఊళ్ళలో పెద్ద తరగతి పిల్లలు ఎలా చదువుకొన్నారు?

అడిగినవారు: సాంఘికం మాస్టారు, శ్రీకాకుళం జిల్లా

అందరికీ నమస్కారం. నేను మన జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. 2025 మే 7వ తేదీన విశాఖపట్నంలో సైరన్లు మోగించి పౌర రక్షణ విన్యాసం జరిపినప్పుడు మా పిల్లలు వేసవి సెలవుల్లో ఉండి, దానిని ఫోన్లలో చూశారు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే పదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మాస్టారూ, నిజంగా యుద్ధం వస్తే మన పబ్లిక్ పరీక్షలు ఆగిపోతాయా?" అని అడిగింది. కొందరు నవ్వారు గాని ఆమె నవ్వలేదు. ఆమె అన్నయ్య సైన్యంలో ఉన్నాడు.

నేను ఆ రోజు ఏదో ఒక జవాబు చెప్పాను. అది నాకే తృప్తి కలిగించలేదు. మా పాఠ్యపుస్తకంలో రెండో ప్రపంచ యుద్ధం ఉంది. హిట్లర్, హిరోషిమా గురించి పిల్లలు గడగడా చెబుతారు. కాని 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయని చెబితే, "మన విశాఖపట్నమేనా మాస్టారూ?" అని మళ్ళీ మళ్ళీ అడిగారు. యుద్ధం ఎక్కడో దూరాన, పటం అంచున జరిగేదని వాళ్ళు అనుకొంటున్నారు.

అందుచేత ఈ సంవత్సరం పదో తరగతి వాళ్ళ చేత ఒక ప్రాజెక్టు చేయించాలని సంకల్పించాను. పూర్వం సిక్స్త్ ఫారం అన్నా, ఇప్పుడు పదో తరగతి అన్నా, బడిలో ఆఖరి సంవత్సరం చదువుతున్న పిల్లవాడికి యుద్ధం ఏ రూపంలో ఎదురైందో తెలుసుకోవాలి. ఆ సంవత్సరం పరీక్షలు జరిగాయా, రాత్రులు ఏ వెలుతురులో చదివారు, తరగతిలో ఎవరు తగ్గారు, ఎవరు కొత్తగా వచ్చి చేరారు అన్న సంగతులు నాకు కావాలి. దేశభక్తి గురించిన సాధారణమైన మాటలు మా దగ్గర చాలా ఉన్నాయి. మీ కళ్ళ ముందు జరిగినవి, లేదా మీ ఇంటి పెద్దలు చెప్పగా విన్నవి రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1: కంటోన్మెంట్ వాసి, విజయనగరం

మాస్టారూ, మీ విద్యార్థిని అడిగిన ప్రశ్ననే 1971 డిసెంబరులో మా తరగతి అంతా కలిసి మా లెక్కల మాస్టారిని అడిగింది. అప్పుడు నేను విజయనగరంలో పదో తరగతి చదువుతున్నాను. 3వ తేదీ శుక్రవారం సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పశ్చిమాన మన వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. ఇందిరాగాంధీ గారు అర్ధరాత్రి దాటాక రేడియోలో మాట్లాడారు. మరునాడు ఉదయం ప్రార్థన వరుసల్లో ఎవ్వరూ కుదురుగా నిలబడలేదు. మా లెక్కల మాస్టారు ప్రశ్న విని, ఒక్క క్షణం సుద్దముక్క చేతిలో తిప్పుతూ ఆగి, "హాఫ్ ఇయర్లీ పరీక్షలు 13వ తేదీన మొదలవుతాయి. సిలబస్ తగ్గించమని నాకు ఎవ్వరూ చెప్పలేదు" అని, నిన్న సగంలో ఆపిన సిద్ధాంతాన్ని అక్కడి నుంచే కొనసాగించారు. ఆ పరీక్షలు ఆగలేదు. మార్చిలో రావలసిన పబ్లిక్ పరీక్షలూ ఆగలేదు. మీ అమ్మాయికి ముందుగా ఈ మాట చెప్పండి.

మారినదల్లా రాత్రి. విశాఖపట్నం నౌకాస్థావరం మనకు అరవై కిలోమీటర్ల దూరంలోనే ఉన్నందువల్ల, మా ఊళ్ళో కూడా చీకటి పడగానే దీపాలు కనిపించరాదని చాటింపు వేశారు. లారీల హెడ్‌లైట్లకు పై సగం నల్లరంగు పూశారు. మూడు లాంతర్ల కూడలి నుంచి గంటస్తంభం వరకు నడిచే దారి సాయంకాలం దాటితే గుర్తు పట్టలేనట్టు ఉండేది. మా ఇంట్లో ముందు గదిలో ఒకే ఒక బల్బు. నాన్న ఆఫీసు నుంచి వాడిన కార్బన్ కాగితాలు తెచ్చి, బల్బు చుట్టూ గొట్టంలా చుట్టి దారంతో కట్టారు. వెలుతురు నేల మీద జల్లెడంత వృత్తంగా మాత్రమే పడేది. నేను, మా చెల్లెలు, పక్కింటి కుర్రవాడు ముగ్గురం ఆ వృత్తం అంచున పుస్తకాలు ఆనించి, తలలు దగ్గరగా పెట్టి చదివేవాళ్ళం. ఎవరి తల కొంచెం ముందుకు వంగినా మిగిలిన ఇద్దరి పేజీల మీద నీడ పడేది. కాసేపటికి కార్బన్ వేడెక్కి మైనం కాలిన వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు పైథాగరస్ గుర్తుకు వస్తాడు. వీధిలో విజిల్ వినిపించగానే మా అమ్మ వంటింట్లో నుంచి, "దీపం మలిపేయండర్రా" అనేది. మళ్ళీ విజిల్ వినిపించేదాకా చీకట్లో ఒకరికొకరం చరిత్ర తేదీలు అప్పజెప్పుకొనేవాళ్ళం. ఆ సంవత్సరం నాకు చరిత్రలో మంచి మార్కులు వచ్చాయి.

బడి ఆటస్థలంలో ఎన్.సి.సి. పిల్లల చేత ట్రెంచీలు తవ్వించారు. విమానం గుండు వేస్తే ముక్కలు తిన్నగా దూసుకుపోకుండా ఉండాలని అవి వంకర టింకరగా ఉండాలని డ్రిల్లు మాస్టారు చెప్పారు. సైరన్ మోగితే అందులో బోర్లా పడుకొని, చెవుల్లో వేళ్ళు పెట్టుకొని, నోరు కొద్దిగా తెరిచి ఉంచాలి. నోరు ఎందుకు తెరవాలో ఆయన వివరించిన తీరు నాకు బాగా జ్ఞాపకం ఉంది: పేలుడు గాలి ఒత్తిడి చెవి లోపలి పొర మీద ఒక్క వైపు నుంచే పడకుండా, నోటి నుంచి కూడా గాలి లోపలికి చేరి రెండు వైపులా సమానం అవుతుందని. సామాన్యశాస్త్రంలో మేము చదివిన గాలి పీడనం ఒంటికి సంబంధించినదని ఆ రోజు మొదటిసారి తెలిసింది.

మీరు సాంఘికం మాస్టారు గనుక మీకు పనికి వచ్చే సంగతి ఒకటి చెబుతాను. మా తరగతి గోడకు వేలాడే పటంలో "తూర్పు పాకిస్తాన్" అని ఉండేది. పుస్తకంలోనూ అదే ఉండేది. డిసెంబరు 6వ తేదీన మన ప్రభుత్వం బంగ్లాదేశ్‌ను గుర్తించింది. మరునాడు మా సాంఘికం మాస్టారు కుర్చీ మీదికెక్కి, పటం మీద ఆ పేరు మీద పెన్సిలుతో ఒక సన్నని గీత గీసి, పక్కన కొత్త పేరు రాశారు. ఎర్రసిరాతో రాయమని ఎవరో అరిచారు. "యుద్ధం ఇంకా పూర్తి కాలేదు" అన్నారాయన. 16వ తేదీన ఢాకాలో లొంగుబాటు జరిగిన తరువాతనే ఆ పెన్సిలు అక్షరాల మీద సిరా దిద్దారు. పబ్లిక్ పరీక్షలో పటం ప్రశ్న వస్తే ఏ పేరు రాయాలన్నది మాకు నిజమైన సమస్య అయింది. రెండు పేర్లూ రాయమని, పాత పేరును బ్రాకెట్లో పెట్టమని ఆయన చెప్పారు. ఒక దేశం పుట్టడాన్ని నేను గోడ మీద అలా చూశాను.

తరగతిలో ఎవరు తగ్గారని అడిగారు. భోగాపురం వైపు సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చి, ఊళ్ళో బంధువుల ఇంట ఉండి చదివే కుర్రవాడు మా బెంచీలోనే కూర్చొనేవాడు. రాత్రులు సముద్రం మీద వేటకు వెళ్ళరాదని వాళ్ళ ఊరి వాళ్ళకు చెప్పడంతో వాళ్ళ నాన్నకు రెండు వారాలు పని లేకపోయింది. సరిగ్గా అవి పబ్లిక్ పరీక్షకు ఫీజు కట్టవలసిన రోజులు. వాడు రెండు రోజులు బడికి రాలేదు. మా తరగతి దగ్గర అప్పటికే రక్షణ నిధి కోసం వసూలు చేసిన చిల్లర ఒక డబ్బాలో ఉంది. అందులోంచి ఫీజు కడదామని లీడరు అన్నాడు. మా క్లాసు మాస్టారు ఒప్పుకోలేదు. ఆ డబ్బు జవానుల పేరున అడిగి తెచ్చింది గనుక వాళ్ళకే వెళ్ళాలన్నారు. ఆయనే తన జేబులోంచి ఫీజు కట్టి, వాడి చేత నెలకొక రూపాయి చొప్పున మళ్ళీ తీసుకొన్నారు. తీసుకోకుండా వదిలేయవచ్చు గాని, వాడు తల దించుకోవలసిన అవసరం రాకూడదని ఆయన అలా చేశారని నాకు చాలా ఏళ్ళ తరువాత అర్థమైంది.

జవాబు 2: నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

మాస్టారికి నమస్కారం. మా తాతగారు 1942 జూన్ నుంచి 1943 వేసవి దాకా, చికాకోలని అప్పట్లో పిలిచిన మన శ్రీకాకుళంలో సిక్స్త్ ఫారం చదివి ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష రాశారు. ఆయన చివరి రోజుల్లో నేను పక్కన కూర్చొని ఒక నోటుబుక్కులో రాసుకొన్న మాటల నుంచి ఇది మీకు రాస్తున్నాను.

విశాఖపట్నం మీద బాంబులు పడిన ఆ ఏప్రిల్ సోమవారం నాటికి ఆయన ఫిఫ్త్ ఫారం ముగించబోతున్నారు. ఆ వారంలోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలను జపాను వాళ్ళు ముంచారు. ఓడలు వచ్చే కళింగపట్నం మనకు ఎంత దూరం? జపాను వాడు రేపో మాపో ఒడ్డున దిగుతాడని పుకారు పుట్టి, డబ్బున్న వాళ్ళు పార్వతీపురం, సాలూరు వైపు బంధువుల ఊళ్ళకు బళ్ళు కట్టుకొని వెళ్ళిపోయారట. జూన్‌లో బడి తెరిచాక ఆ కుటుంబాల పిల్లల్లో కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని సైన్యం అవసరాల కోసం ఖాళీ చేయించి గుంటూరుకు తరలించారు. డిగ్రీ చదవాలని ఆశ ఉన్న మా తాతగారి అన్నగారికి అది పెద్ద దెబ్బ. విశాఖపట్నం అయితే సాయంత్రం రైలెక్కి ఇంటికి రావచ్చు. గుంటూరు అంటే ఇంట్లో వాళ్ళు పంపలేదు. ఆయన చదువు అక్కడితో ఆగిపోయింది.

బడిలో యుద్ధం మొట్టమొదట గడియారంలో కనిపించిందని తాతగారు అనేవారు. 1942 సెప్టెంబరు 1వ తేదీ నుంచి దేశమంతటా గడియారాలను ఒక గంట ముందుకు తిప్పారు. 1945 అక్టోబరు 15 దాకా అదే నడిచింది. బడి గంట కొత్త టైము ప్రకారం కొట్టేవారు. ఇళ్ళలో ఆడవాళ్ళు వంట పాత టైము ప్రకారం, అంటే ఎండను చూసి చేసేవారు. ఆ మొదటి నెలల్లో సగం తరగతి చద్దన్నం తినో, అదీ లేకుండానో బడికి పరుగెత్తేదట. అయితే అందులో ఒక మేలు ఉంది. సాయంత్రం బడి వదిలేసరికి ఇంకా చాలా పొద్దు మిగిలి ఉండేది. కిరసనాయిలు దొరకని రోజుల్లో చదువుకొనే పిల్లవాడికి ఆ గంట పొద్దు ఎంత విలువైనదో ఆయన చేతులు ఊపుతూ చెప్పేవారు. నాగావళి ఇసుకలో కూర్చొని, అక్షరం కనబడనంత వరకు చదివి లేచేవారట. మనకు కిరసనాయిలు చాలా వరకు, బియ్యం కొంత బర్మా నుంచి వచ్చేవి. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి చిక్కడంతో రెండూ ఒక్కసారే కరవయ్యాయి. రాత్రి చదవాలంటే కానుగ నూనె పోసిన ప్రమిదే దిక్కు. ఆ పొగకు పుస్తకం పేజీల మూలలు నల్లబడేవి. ఆయన దాచుకొన్న ఇంగ్లీషు రీడరు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. కుడిచేతి పై మూలలన్నీ గోధుమరంగుకు తిరిగి ఉంటాయి.

కాగితం సంగతి కూడా అంతే. ఒకే పేజీని మొదట పెన్సిలుతో రాసి, దాని మీదే సిరాతో అడ్డంగా రాసేవారు. నెలసరి పరీక్షలకు ఒక్కొక్కరికి అరఠావు కాగితమే ఇచ్చేవారు. లెక్కల చిత్తు పని పలక మీద చేసి చూపించాలి. పదహారేళ్ళ సిక్స్త్ ఫారం కుర్రాళ్ళు పలకలు చంకన పెట్టుకొని పోతుంటే చిన్న తరగతుల పిల్లలు వెంటబడి ఏడిపించేవారట. 1943లో రాగి ఆదా కోసం నడిమి చిల్లున్న కాణీలు వచ్చాయి. వాటిని దారానికి గుచ్చి మొలతాడుకు కట్టుకొని బడికి వెళ్ళేవాడినని చెప్పేవారు.

ఇక రంగం, అంటే రంగూన్ నుంచి వచ్చిన ఒక కుర్రవాడి సంగతి. మన వైపు నుంచి ఎన్ని కుటుంబాలు కూలికీ వ్యాపారానికీ రంగం వెళ్ళాయో మీకు నేను చెప్పనక్కరలేదు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షల మంది బర్మా వదిలి, ఓడల్లో చోటు దొరకని వాళ్ళు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. అలా టాము అనే సరిహద్దు ఊరి దారిన మణిపురం చేరి, ఆ పైన రైళ్ళు పట్టుకొని వచ్చిన ఒక కుర్రవాడు ఆ వర్షాకాలంలో బడికి వచ్చి సిక్స్త్ ఫారంలో చేర్చుకోమని అడిగాడు. దారిలో తల్లి పోయింది. చేతిలో టి.సి. లేదు. చదివిన బడి ఉన్నదో కాలిపోయిందో తెలియదు, టి.సి. కోసం ఉత్తరం రాస్తే అందుకొనే వాళ్ళు లేరు. నిబంధన ప్రకారం చేర్చుకోవడానికి వీల్లేదు. హెడ్మాస్టరు గారు అతనిని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, పలక ఇచ్చి, ఇంగ్లీషూ లెక్కలూ పరీక్ష పెట్టారు. తలుపు సందులోంచి తరగతి అంతా చూస్తున్నది. అతను పలక నిండా ఇంగ్లీషు వ్యాసం రాశాడు. హెడ్మాస్టరు చదివి, తుడిపించి, మళ్ళీ రాయించారు. అలా నాలుగు పలకలు. ఇంగ్లీషులో మా అందరికంటే మేటి అని తాతగారు అనేవారు. కాని తెలుగు మాట్లాడడమే గాని రాయడం అతనికి రాదు. చివరకు ఫోర్త్ ఫారంలో చేర్చుకొన్నారు. పదిహేడేళ్ళ వాడు పద్నాలుగేళ్ళ వాళ్ళ మధ్య కూర్చోవలసి వచ్చింది. ఆ ఏడు గడవక ముందే మానేసి, సైన్యంలో చేరడానికి వెళ్ళిపోయాడు. తరువాత ఏమయ్యాడో తాతగారికి తెలియలేదు. ఆయన కడదాకా అతని పేరు తలచుకొనేవారు.

ఒక విషయం చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గేది. ఆగస్టులో క్విట్ ఇండియా పిలుపు వచ్చినప్పుడు సిక్స్త్ ఫారం వాళ్ళు సగానికి సగం తరగతి వదిలి బయటికి నడిచారు. తాతగారి తండ్రి ప్రభుత్వ కొలువులో ఉన్నారు. అందుచేత తాతగారు గేటు దాకా వెళ్ళి ఆగిపోయారు. బయటికి వెళ్ళిన వాళ్ళ చేత క్షమాపణ పత్రం రాయించి, తండ్రి సంతకం తెస్తేనే లోపలికి రానిచ్చారు. ఇద్దరు రాయలేదు, వాళ్ళ పేర్లు కొట్టేశారు. ఆ ఇద్దరి చోటు సంవత్సరమంతా బెంచీ మీద ఖాళీగా ఉండేదని, ఎవరూ జరిగి కూర్చోలేదని తాతగారు చెప్పేవారు. మీ పిల్లలకు యుద్ధకాలం గురించి చెప్పేటప్పుడు ఈ ఖాళీ గురించి కూడా చెప్పండి.

జవాబు 3: జవాను కూతురు, పలాస

నాది చిన్న జ్ఞాపకం. 1999 జూన్‌లో నేను పదో తరగతిలో చేరేసరికి మా నాన్నగారు కార్గిల్ వైపు ఉన్నారు. ఆ వైపు అని మాత్రమే మాకు తెలుసు. ఆయన ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు, "56 ఏ.పి.ఓ." అని మాత్రం ఉండేది. నేను బడి అట్లాసు తెరిచి ఆ పేరు వెతికాను. అది ఊరు కాదని, సైన్యపు తపాలా కార్యాలయం సంఖ్య అని మా పోస్టుమ్యాన్ మావయ్య చెప్పాడు. ఆ రోజుల్లో ఉత్తరం రావడానికి ఎన్ని రోజులు పట్టేదంటే, చేతికి అందినప్పుడు దాని మీది తేదీ చూసి, ఆ తేదీ నాటికి క్షేమంగా ఉన్నారని మాత్రమే అనుకొనేవాళ్ళం.

మా బడిలో రోజూ ప్రార్థన తరువాత ఒక మాస్టారు పేపరు చదివి వినిపించేవారు. మంచి ఉద్దేశంతోనే చేసేవారు. అందులో అమరులైన జవానుల పేర్లు, ఊళ్ళు కూడా గట్టిగా చదివేవారు. మన జిల్లాల్లో సైన్యంలోకి వెళ్ళే ఊళ్ళు ఎన్నో మీకు తెలుసు. ఆ వరుసల్లో నా వంటి పిల్లలు నాలుగైదుగురం ఉండేవాళ్ళం. ఆయన "ఆంధ్రప్రదేశ్‌కు చెందిన" అని మొదలుపెట్టి, పేరు చెప్పేలోగా పేజీ సరిచేసుకోవడానికి ఒక్క క్షణం ఆగేవారు. ఆ క్షణం గురించి నేను ఇప్పటి దాకా ఎక్కడా రాయలేదు. ఒక రోజు తెలుగు టీచరమ్మ ఇది గమనించి, మా అయిదుగురిని ప్రార్థన సమయంలో లైబ్రరీ పుస్తకాలు సర్దడానికి పిలిపించడం మొదలుపెట్టారు. ఎందుకని ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. జులై నెలాఖరు దాకా ఆ అలమారాలు ఎన్నిసార్లు సర్దామో లెక్క లేదు.

మాస్టారూ, మా నాన్నగారు క్షేమంగానే తిరిగి వచ్చారు. మీ తరగతిలో ఆ ప్రశ్న అడిగిన అమ్మాయికి అన్నయ్య సైన్యంలో ఉన్నాడని రాశారు. ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు ఆ అమ్మాయితో విడిగా ఒకసారి మాట్లాడమని మనవి చేస్తున్నాను. ఆమె అడిగింది పరీక్ష గురించి కాకపోవచ్చు.

జవాబు 4: పాత దస్తావేజులు, విజయనగరం

పై జవాబులు ముగ్గురూ ఎంతో శ్రద్ధగా రాశారు. పిల్లలు చేయబోయే పనిలో పొరపాటు దొర్లకుండా ఉండాలని కొన్ని సూచనలు చేస్తున్నాను.

1942 నాటి కాగితాలు వెతికేటప్పుడు "శ్రీకాకుళం జిల్లా" అని అడిగితే ఏమీ దొరకదు. ఆనాడు ఈ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది; శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడ్డాయి. జిల్లా పరిషత్తులు వచ్చింది 1959లో గనుక, అంతకు ముందు మీ బడి జిల్లా బోర్డు నడిపే "బోర్డు హైస్కూలు" అయి ఉంటుంది. కాగితాల మీద ఆ పేరే వెతకండి.

పెద్దల జ్ఞాపకాలు సేకరించేటప్పుడు తేదీలను మరొక ఆధారంతో సరిచూడడం పిల్లలకు నేర్పండి. ఉదాహరణకు, 1971లో ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి విశాఖపట్నం రేవు బయట డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పేలిపోయి మునిగింది. అది మునిగిన మాట మరునాడే తెలిసి బడిలో పండగ చేసుకొన్నామని నాకు చాలామంది చెప్పారు. వాస్తవంలో ఆ వార్తను 9వ తేదీ వరకు ప్రకటించలేదు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. పేలుడు శబ్దం విన్నవాళ్ళు ఉన్నారు, జాలరులకు సముద్రంలో దొరికిన వస్తువుల గురించి ముందే విన్నవాళ్ళూ ఉన్నారు, తరువాత వచ్చిన ప్రకటన వాటితో కలిసిపోయింది. ఏది విన్నారు, ఏది చదివారు, ఏది తరువాత తెలుసుకొన్నారు అని విడదీసి అడగడం పదో తరగతి పిల్లలకు చేతనయ్యే పనే.

ఆధారాల మాటకు వస్తే, 1971 నవంబరు 15 నుంచి కవర్ల మీద శరణార్థుల సహాయం కోసం అదనంగా అయిదు పైసల తపాలా బిళ్ళ అంటించవలసి వచ్చేది. ఊళ్ళో ఎవరి ట్రంకు పెట్టెలోనైనా అటువంటి కవరు దొరకవచ్చు. తూర్పు బెంగాలు నుంచి వచ్చిన లక్షలాది శరణార్థుల సంగతి పిల్లలకు దానితో మొదలుపెట్టి చెప్పవచ్చు. అలాగే కోరుకొండ సైనిక్ స్కూలును మరచిపోకండి. అది 1962 జనవరి 18న మొదలైంది. అదే సంవత్సరం అక్టోబరు 20న చైనాతో యుద్ధం వచ్చింది. బడి ఏడాది కూడా నిండకుండా ఆ యుద్ధాన్ని చూసిన పిల్లలు ఇప్పుడు డెబ్బైలు దాటి ఉంటారు. మన చుట్టుపక్కల ఉన్నవాళ్ళను త్వరగా కలవడం మంచిది.

అన్నిటికంటే ముందు మీ బడి బీరువాలోని అడ్మిషన్ రిజిస్టరు తీయండి. అందులో పుట్టిన తేదీ, తండ్రి వృత్తి, ఇంతకు ముందు చదివిన బడి, విడిచిన తేదీ, విడవడానికి కారణం వరుసగా ఉంటాయి. నాగావళి ఒడ్డు గారి తాతగారు చెప్పిన ఖాళీలు ఆ గడుల్లోనే ఉంటాయి.

మళ్ళీ అడిగినవారు: సాంఘికం మాస్టారు

మీ అందరికీ కృతజ్ఞతలు. జవాను కూతురు గారూ, మీరు చెప్పినట్టే ఆ అమ్మాయితో విడిగా మాట్లాడాను. మే నెలలో వాళ్ళ అన్నయ్య ఫోను పది రోజులు పని చేయలేదట. పరీక్షల గురించి కాదని మీరు ఊహించింది నిజమే. ప్రాజెక్టులో ఉంటావా, వద్దా అని అడిగితే, ఉంటానని, ఉత్తరాల పని తనకు ఇవ్వమని చెప్పింది.

మా హెడ్మాస్టరు గారి అనుమతితో బీరువా తెరిపించాము. 1940ల నాటి రిజిస్టరు దొరికింది. అట్ట చెదలు తినేసింది గాని లోపలి పేజీలు చాలా వరకు బాగున్నాయి. 1943 నుంచి వాడిన కాగితం ముందున్న పేజీల కంటే పలచగా, గరుకుగా ఉంది. పదో తరగతి వాళ్ళు ఆరుగురు రెండు మధ్యాహ్నాలు కూర్చొని 1942, 1943 సంవత్సరాల వరుసలను ఒక్కొక్కటిగా చదివి ఎత్తిరాశారు. విడిచిన వాళ్ళ కారణాల గడిలో "ఉద్యోగం" అని కొన్ని, "ఊరు మారారు" అని కొన్ని ఉన్నాయి. ఎక్కువ గడులు ఖాళీగా ఉన్నాయి. 1942 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మూడు పేర్ల మీద గీత కొట్టి ఉంది, కారణం రాయలేదు. అది క్విట్ ఇండియాయేనని పిల్లలు వెంటనే నిశ్చయించారు. పాత దస్తావేజులు గారి మాట గుర్తు చేసి, అది మన ఊహ మాత్రమేనని వాళ్ళ చేతనే పక్కన రాయించాను.

రంగం నుంచి వచ్చిన వాళ్ళు చాలామంది ఉంటారని ఆశించాము. ఒక్క పేరే దొరికింది. "ఇంతకు ముందు చదివిన బడి" అన్న గడిలో ఇంగ్లీషు అక్షరాలతో రంగూన్ అని ఉంది, టి.సి. సంఖ్య ఉండవలసిన చోట అడ్డగీత ఉంది. చేర్చుకొన్నది ఫస్ట్ ఫారంలో, అంటే ఇప్పటి ఆరో తరగతిలో. పుట్టిన తేదీని బట్టి ఒక పిల్ల వేళ్ళ మీద లెక్క కట్టి, "మాస్టారూ, ఇతనికి పదిహేనేళ్ళు. నా వయసే" అన్నది. ఆ వరుసలో విడిచిన తేదీ ఉండవలసిన గడిలో 1943 ఫిబ్రవరి నెల రాసి ఉంది. తండ్రి వృత్తి గడిలో "కూలి" అని, ఊరి పేరు గడిలో మాకు నాలుగు కిలోమీటర్ల దూరంలోని పల్లె పేరు ఉన్నాయి. ఆ ఇంటిపేరు గల వాళ్ళు ఇప్పటికీ ఆ పల్లెలో ఉన్నారని మా అటెండరు చెప్పాడు. వచ్చే ఆదివారం పిల్లలను తీసుకొని అక్కడికి వెళుతున్నాము.